తాత కుర్చీలో కూర్చున్న సభ్యురాలు

మా ముత్తాత పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్. శిస్తు వసూలు చేసే హక్కు ఆయనకు నిజాం ఇచ్చిన సనదు మీద వచ్చింది. మా తాత కాలానికి ఆ హక్కు పోయింది కాని భూములు, గడి అనే కోటలాంటి ఇల్లు, ఊళ్లో చెల్లే మాట మిగిలాయి. మా తండ్రి కాలానికి గడి, మాట మాత్రమే మిగిలాయి. నా దాకా వచ్చేసరికి మిగిలినవి గడి సావడిలో ఉండే టేకు కుర్చీలు. వాటిలో చేతులున్న పెద్దది తాతది. వీపు ఆనించే చోట నెమలి చెక్కి ఉండేది. తాత పోయిన తర్వాత మా తండ్రి కూడా దానిలో కూర్చోలేదు. ఈ రాతలో ఎవరి పేర్లూ రాయను. మా వాళ్ల పేర్లు రాసుకుని గొప్పలు చెప్పుకోను, మిగతావాళ్ల పేర్లు రాసి వాళ్లను చిన్నబుచ్చను.

మా గడిలో ఒక పద్ధతి ఉండేది. చెడు కబురు దొరకు నోటితో చెప్పకూడదు. ఎద్దు చచ్చినా, చెరువు తెగినా, మనిషి పోయినా, కబురు తెచ్చినవాడు గుమ్మం బయట నిలబడి తలపాగా తీసి చంకలో పెట్టుకునేవాడు. అంతే. దొర చూసి, "గొడ్డా, పంటనా, మనిషా?" అని అడిగేవాడు. సరైన మాట దగ్గర వాడు తల దించేవాడు. చుట్టుపక్కల దొరలందరి ఇళ్లలోనూ ఇదే వాడుక. చిన్నప్పుడు ఇది మా మీద జనానికున్న గౌరవం అనుకునేవాణ్ణి. నాలుగు తరాలుగా మాతో ఎవరూ ఏ సంగతీ సూటిగా చెప్పలేదని నాకు చాలా కాలం తట్టలేదు.

దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘం వాళ్లు మా ఊళ్లో భూములు పంచిన ఏడాది మా తండ్రి మమ్మల్ని హనుమకొండ తీసుకొచ్చి అద్దె ఇంట్లో పెట్టాడు. కుర్చీలను బండ్ల మీద గడ్డి కప్పి తెచ్చుకున్నాం. హైదరాబాదులోకి సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక చాలామంది దొరలు తిరిగి ఊళ్లకు వెళ్లారు. మా తండ్రి వెళ్లలేదు. పోలీసుల వెనక నడిచి ఇంటికి పోయేవాణ్ణి కానన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు గర్వమే. ఇల్లు గడవాలి కనుక నేను బడిపంతులు ఉద్యోగంలో చేరాను. మా వంశంలో జీతానికి చేరిన మొదటివాణ్ణి నేను.

మొదటి పోస్టింగు గూడూరు దగ్గరి అడవి అంచున. అది ఊరు కాదు. అడవిలో ఉన్న సంఘం దళాలకు తిండి అందకుండా, చిన్న చిన్న గూడేలను ఖాళీ చేయించి జనాన్ని ఒకచోటికి తెచ్చి ముళ్లకంచె వేశారు. దాన్ని అందరూ క్యాంపు అనేవారు. పొద్దున గేటు తెరిచేవారు, సాయంత్రం లెక్క చూసుకుని మూసేవారు. కంచె లోపల తడకల గోడలు, రేకుల కప్పుతో ఒక బడి పెట్టారు. దానికి నేను ప్రధానోపాధ్యాయుణ్ణి. నా కింద ఒక సహాయకుడు.

ఆ సహాయకుడు కోస్తా నుంచి వచ్చినవాడు. మా దగ్గర అంతకు ముందు చదువంతా ఉర్దూలోనే కనుక, తెలుగు చెప్పేవాళ్లను అక్కడి నుంచి తెచ్చారు. మంచి పాఠం చెప్పేవాడు. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"ఏంటి మేష్టారూ, మీరు చెప్పేది తెలుగేనా? పిల్లాడు 'వచ్చిన' అంటాడు, మీరూ 'వచ్చిన' అంటారు. మరి నేను దిద్దేది ఎవరినండి?"

"నువ్వు జర తక్కువ దిద్దు. పిల్లలు నీ మాట అర్థంగాక నా మొఖం చూస్తున్నరు," అనేవాణ్ణి.

"మీ మొహం చూడరండీ. మీ చెప్పులు చూస్తారు. దొరగారు కదా."

అది నిజమే. క్యాంపులో పిల్లలు నన్ను సారు అని పిలిచినా, పెద్దలు దొరా అనే అనేవారు. నేను దిద్దలేదు.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న చిన్నవాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను. బడి కమిటీల్లో పిల్లలకు చోటివ్వాలని, వాళ్ల మాట వినాలని ఈ మధ్య సభల్లో మాట్లాడుతున్నారు. కొత్త ఆలోచన అనుకుంటున్నారు. మాకు ఆ రోజుల్లోనే ఒక బడుల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. హైదరాబాదులో చదువుకున్నవాడు, నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్ద. కొత్త ప్రభుత్వం వచ్చింది, కొత్త బడి రావాలి అని నమ్మినవాడు. బడికొక పాలక సంఘం ఉండాలి, అందులో ఒక విద్యార్థి సభ్యుడు ఉండాలి, ఆ సభ్యుణ్ణి పిల్లలే ఎన్నుకోవాలి, అతని ఓటు పెద్దవాళ్ల ఓటుతో సమానం అని ఉత్తర్వు తెచ్చాడు.

"బడి వాళ్లది," అన్నాడు నాతో. "వాళ్లను అడగకుండ మనమెట్ల నడుపుతం?"

"మా గడి జనానిదే అని మా తాత కూడా అనేటోడు," అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

ఎన్నిక ఎలా జరపాలన్నది మాకు వదిలిపెట్టాడు. పిల్లల్లో చాలామందికి ఇంకా అక్షరాలు రావు. చీటీలు కుదరవు. సహాయకుడే ఉపాయం చెప్పాడు.

"వరసగా నిలబెడదాం మేష్టారూ. ఒక్కొక్కణ్ణే ముందుకు రమ్మని, నీకు ఎవరు కావాలో వేలు చూపించమందాం. అయిపోతుంది."

నాకూ సబబుగానే తోచింది. ప్రార్థన అయ్యాక బడి ముందు మైదానంలో పిల్లలను వరసలో నిలబెట్టాం. అప్పటిదాకా ఒకర్నొకరు గిల్లుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోయారు. మొదటి పిల్లవాడు ముందుకొచ్చి, చాలాసేపు నేల చూసి, సావుకారు కొడుకు వైపు వేలు చూపించాడు. రెండోవాడూ అంతే. ఆ తర్వాత అందరూ అంతే. నర్సింహులపేట నుంచి వచ్చి క్యాంపు గేటు పక్కన బియ్యం, ఉప్పు, కిరోసిన్ కొట్టు పెట్టిన వర్తకుడే ఆ సావుకారు. వాళ్లబ్బాయికి క్యాంపులో ఒక్క స్నేహితుడు కూడా లేడు. అయినా ఏకగ్రీవం. చదువు వచ్చినవాణ్ణి చూసి ఎన్నుకున్నారు, గౌరవం తెలిసిన పిల్లలు అని నేను ముచ్చటపడ్డాను.

ఆ అబ్బాయి మాత్రం గుక్కపట్టి ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడు. కాసేపటికి సావుకారు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా వచ్చాడు.

"నా కొడుకు ఏం జేసిండు సారూ? పోరడు బియ్యం బస్తాల ఎనుక జొచ్చి బయటకు వస్తలేడు. ఎవలు చూపెట్టమన్నరు ఆని మీద?"

"ఎన్నిక జరిగింది సావుకారూ. నీ కొడుకు గెలిచిండు."

"గెలుసుడేంది? లైన్ల నిలవెట్టి వేలు చూపెడితే గెలుసుడంటరా?"

అప్పుడు చెప్పాడు. గూడేల జనాన్ని మొదట ఇక్కడికి తెచ్చినప్పుడు ఇదే మైదానంలో అందరినీ వరసగా నిలబెట్టారట. తలకు గోనెసంచి తొడిగిన మనిషిని ఎవణ్ణో తెచ్చి వాళ్ల ముందు నడిపించారట. వాడు ఎవరి మీద వేలు చూపితే వాళ్లను బండెక్కించారు. ఆ పిల్లలంతా అది చూశారు. మేము వరసలో నిలబెట్టి వేలు చూపమనేసరికి, పోయినా తమకు ఫరవాలేదు అనుకున్నవాణ్ణి చూపించారు.

ఆ పూట సహాయకుడు పిల్లలను వరస కట్టించకుండానే ఇళ్లకు పంపాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ స్వయంగా వచ్చి పిల్లలను కింద కూర్చోబెట్టి, ఎవరూ ఎవరినీ చూపనక్కర్లేదు, ఇష్టమున్నవాళ్లు లేచి నిలబడితే చాలు అన్నాడు. ఎవరూ లేవలేదు. చాలాసేపటికి వెనక వరసలో ఒక అమ్మాయి లేచింది. పన్నెండేళ్లుంటాయి. తల్లి లేదు. ముసలి నాయనమ్మతో ఉండేది. బడికి ఒక్క రోజూ నాగా పెట్టేది కాదు.

"నన్ను చూపుండ్రి," అంది.

ఇన్‌స్పెక్టర్ సంతోషపడి, "శాబాష్. నీకు బడి సంఘంల పని చేయాలనుందా?" అని అడిగాడు.

"ఎప్పుడు తోల్కపోతరు?"

"ఎక్కడికి?"

"మా నాయిన కాడికి. చూపిచ్చినోళ్లను గాడికే గదా తోల్కపోయేది."

సహాయకుడికి నవ్వొచ్చి మధ్యలో ఆగిపోయింది. వాళ్ల నాయనను ఆ గోనెసంచి రోజే తీసుకుపోయారు. వరంగల్లు జైల్లో ఉన్నాడని నాయనమ్మ చెప్పిందట. అప్పట్లో జైళ్లనిండా జనమే కనుక నేను నమ్మాను. ఇన్‌స్పెక్టర్ కూడా నమ్మాడు. ఆయన ఆమె ముందు గొంతుకూర్చుని, ఇది తీసుకుపోవడం కాదని, పెద్దల పక్కన కూర్చుని అడగడమని చెప్పాడు.

"ఏదన్న అడగొచ్చా?"

"బడి సంగతి ఏదన్న అడగొచ్చు. నువ్వు అడిగితే జవాబు చెప్పాలె. అది రూలు."

"బడి సంగతి," అని ఆమె పాఠం ఒప్పజెప్పినట్టు మళ్లీ అంది.

ఇంకెవరూ లేవలేదు కనుక ఆమే విద్యార్థి సభ్యురాలైంది. సంఘం మొదటి సమావేశానికి చాప పరిస్తే సరిపోతుందన్నాడు ఇన్‌స్పెక్టర్. ప్రభుత్వం పెట్టిన సంఘం చాప మీద కూర్చోవడం నాకు నచ్చలేదు. హనుమకొండ నుంచి మా కుర్చీలు బండి మీద తెప్పించాను. తాత కుర్చీని ఇన్‌స్పెక్టర్ కోసం మధ్యలో వేశాను. ఆయన వచ్చి, కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, నెమలిని వేలితో తడిమి, "ఇది విద్యార్థి సభ్యురాలికి," అన్నాడు.

కుర్చీ తెచ్చినవాణ్ణి నేను, అధ్యక్షుడు ఆయన. అమ్మాయి ఎక్కి కూర్చుంది. పాదాలు నేలకు ఆనలేదు. గూడేల తరఫున వచ్చిన పెద్దమనిషి, తలపాగా చుట్టుకున్న ముసలివాడు, ఆ కుర్చీని, నన్ను మార్చి మార్చి చూశాడు. తనకు వేసిన కుర్చీలో అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. సావుకారు హాయిగా వెనక్కు వాలాడు. క్యాంపు పోలీసుల జమేదారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయనది ఎక్కడో దక్షిణాన ఊరు. తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది. నేను కార్యదర్శిని. నాకు ఓటు లేదు. లేచిన చేతులు లెక్కపెట్టి రాయడం నా పని.

ఆ రోజు అమ్మాయి అడిగింది ఒక్కటే. పిల్లలకు నీళ్ల కుండ కావాలని. సావుకారు అక్కడికక్కడే ఒప్పుకుని ఆ సాయంత్రమే కుండ పంపాడు.

"ఇక సెలవులు కూడా ఆవిడే ఇస్తుందేమో, జాగ్రత్త మేష్టారూ," అన్నాడు సహాయకుడు.

కుండ చుట్టూ పిల్లలు మూగి ఉంటే అమ్మాయి మా దగ్గరికొచ్చి, "అడిగితే వస్తది సారూ," అంది. నన్ను అడగలేదు, నాకు చెప్పింది.

అదే సమావేశంలో ఇన్‌స్పెక్టర్ ఇంకో నియమం పెట్టించాడు. బడి అంటే పోలీసుల ఎత్తు అని క్యాంపులో చాలామంది అనుమానపడేవారు. కనుక ప్రతి పిల్లవాణ్ణీ తండ్రే స్వయంగా వచ్చి చేర్పించాలి, బడి ఎలా ఉందో కళ్లారా చూడాలి, ముందే చేరినవాళ్ల తండ్రులూ ఒకసారి రావాలి అని. అందరూ చేతులెత్తారు. అమ్మాయి కూడా ఎత్తింది. ఆ తర్వాతి రోజుల్లో తండ్రులు ఒక్కొక్కరే వచ్చి, తడక పక్కన నిలబడి, నల్లబల్ల చూసి వెళ్లారు. అమ్మాయి రోజూ గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది.

రెండో సమావేశం రోజు ఎండ బాగా ఉంది. రేకుల కింద అందరికీ చెమటలు. విద్యార్థి సభ్యురాలు ఏదైనా చెప్పాలా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఆమె కుర్చీ దిగి నిలబడింది. నిలబడి మాట్లాడాలని నేనే నేర్పాను.

"మొన్న మనం రూలు రాసినం. నాయిన వచ్చి చేర్పియ్యాలె అన్నరు. నన్ను మా అవ్వ తోల్కచ్చింది. మా నాయిన ఇంక రాలే. తప్పు నాది గాదు. రూలు ఉన్నది గదా, మా నాయినను పిలిపియ్యుండ్రి. ఒక్క పూట వచ్చి చూసిపోతడు."

ఆమె ఒక్క అక్షరం కూడా బడి సంగతి దాటలేదు. ఇన్‌స్పెక్టర్ ముఖం వెలిగిపోయింది. తాను కలగన్న బడి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నట్టు చూశాడు. ఖైదీని పోలీసు కాపలాతో ఒక పూట పంపమని జైలు అధికారులను సంఘం కోరుతుంది అని అప్పటికప్పుడు తీర్మానం చెప్పి రాయించాడు.

"అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి."

జమేదారు ఒళ్లో టోపీని ఒకసారి తిప్పాడు. "రాయండి. నాకు కష్టం లేదు," అన్నాడు.

సావుకారు గొంతు సవరించుకుని, "పిల్ల అడుగుతున్నది. కాదనుడెందుకు," అన్నాడు. అతను ఆమె వైపు చూడలేదు.

"ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి."

జమేదారు ఎత్తాడు. సావుకారు ఎత్తాడు. ఇన్‌స్పెక్టర్ ఎత్తాడు. అమ్మాయి రెండు చేతులూ ఎత్తితే, ఒకటి చాలని ఆయన నవ్వుతూ చెప్పాడు. గూడెం పెద్దమనిషి కుడి చెయ్యి ఎత్తాడు. ఎడమ చేత్తో తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

నేను చేతులు లెక్కపెడుతున్నాను కనుక అది చూశాను. ఎండకు తీశాడేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆయన నన్నే చూస్తున్నాడు. అమ్మాయి అధ్యక్షుడి వైపే చూస్తోంది, ఆ సైగ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను అడగాల్సిన మాట నాకు తెలుసు. తాత మూడు మాటల్లో అడిగేవాడు. నేను పెదవి కదపకుండా మూడోది మాత్రం కళ్లతో అడిగాను. ముసలాయన తల దించాడు.

"కార్యదర్శిగారూ, రాశారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏకగ్రీవం," అన్నాను. రాశాను.

సమావేశం అయ్యాక సహాయకుణ్ణి పక్కకు పిలిచి అడిగాను.

"మీకు తెలీదా మేష్టారూ?" అన్నాడు. ఎగతాళి లేదు. "బండెక్కించిన వాళ్లలో కొందరు జైలుదాకా పోలేదండీ. వాగు దగ్గరే దింపారు. పూడ్చడానికి ఆ పెద్దాయన్నే తీసుకుపోయారు. జమేదారు దగ్గరుండి చూశాడు, సావుకారు కొట్లోంచే పారలు తెచ్చారు. క్యాంపంతా ఎరుగు. నాకు కొట్టు దగ్గర తెలిసింది. పిల్ల అన్నం మానేస్తుందని ముసలమ్మ అందరి కాళ్లూ పట్టుకుంది, చెప్పొద్దని."

"నాకెందుకు చెప్పలే?"

"మీకెవరు చెప్తారండీ," అన్నాడు. "దొరగారు కదా."

కాదనే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. చెయ్యెత్తడమే వాళ్లకు తేలికైంది. ఇప్పుడు మీరు పిల్లల గొంతు గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆ చేతులే గుర్తుకొస్తాయి. ఆమెను ఎవరూ మాట్లాడనివ్వలేదని అనడానికి వీల్లేదు. కుర్చీ ఉంది. అది కూడా మా తాతది. ఓటు ఉంది. మధ్యలో ఎవరూ అడ్డు తగలలేదు. చెప్పింది చెప్పినట్టు రాశాం. ఒక సభ్యురాలికి సంఘం ఇవ్వగలిగినవన్నీ ఆమెకు ఇచ్చాం.

ఇన్‌స్పెక్టర్‌కు చెబుదామని బయలుదేరి ఆగిపోయాను. ఆయన అప్పటికే తీర్మానాన్ని పై ఆఫీసుకు పంపి, దాని గురించి ఇతర బడులకు కూడా చెబుతున్నాడు. చెప్పినా చేసేదేముంది అనుకున్నాను. ఇప్పటికీ చేసేదేముందో నాకు తెలియదు.

ప్రతి సమావేశంలో మొదట, పోయినసారి చేసిన తీర్మానాలు ఏమయ్యాయో చదవాలి. అది కార్యదర్శి పని. మూడో సమావేశంలో అమ్మాయి ఆ మాట కోసమే వచ్చింది. తల నూనె రాసి దువ్వుకుని వచ్చింది.

"పోయిన తీర్మానం ఏమైంది సారూ?"

"జవాబు రాలేదు."

నాలుగోసారీ అంతే. సావుకారు అప్పటి నుంచి కొట్టు విడిచి రాలేననడం మొదలుపెట్టాడు. జమేదారు వచ్చేవాడు. వచ్చి, ఆమె అడుగుతున్నంతసేపూ టోపీ లోపలి పట్టీ చూసుకునేవాడు. ఒకరోజు క్యాంపు గేటు దగ్గర ఆమె ఆయన్ను ఆపి, "జమేదారు సాబ్, మీరు గూడ చెయ్యెత్తిన్రు గదా, జల్ది పంపమనుండ్రి," అనడం నేను విన్నాను. ఆయన జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"బెల్లం గాదు," అంది.

జవాబు చివరికి వచ్చింది. అందులో ఆమె తండ్రి మాటే లేదు. విద్యార్థి సభ్యులు శాంతిభద్రతల విషయాల్లో జోక్యం చేసుకుంటున్నట్టు తెలిసింది కనుక ఆ స్థానం రద్దు చేస్తున్నామని ఉంది. ఇన్‌స్పెక్టర్‌ను జనగామ పంపుతూ వేరే ఉత్తర్వు. ఇంకా ఒక వాక్యం ఉంది. తండ్రి వచ్చి చేర్పించాలన్న నియమం మాత్రం బాగుంది, దాన్ని కచ్చితంగా అమలు చేయాలి, అలా చేరని పిల్లల పేర్లు హాజరుపట్టీ నుంచి తీసివేయాలి.

ఇన్‌స్పెక్టర్ వెళ్లేముందు నా దగ్గరికొచ్చాడు. అప్పటికి ఆయనకు ఎవరో చెప్పారు.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగాడు.

"మీరు రాయమన్నప్పటి నుంచి."

ఆయన నన్ను తిట్టలేదు. కుర్చీల వైపు చూసి, "చాప పరిస్తే సరిపోయేది," అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున, బడి తెరవకముందే నేను వాళ్ల గుడిసెకు వెళ్లాను. పేరు తీసేసిన సంగతి బడిలో అందరి ముందు చెప్పడం మర్యాద కాదనుకున్నాను. ముసలమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న గట్క కలుపుతోంది. అమ్మాయి పుస్తకాలు సర్దుకుంటోంది. గుమ్మంలో నిలబడ్డాను. చెప్పడానికి మాటలు కూడగట్టుకునే వచ్చాను. పేరు తీసేయడం ఎలా మొదలుపెట్టాలి, ఎందుకు తీసేశామో ఎలా చెప్పాలి అని. ఒక్కటీ రాలేదు. నా చెయ్యి దానంతట అదే పైకి పోయింది. తల మీద టోపీ తీసి చంకలో పెట్టుకున్నాను. మా వంశంలో ఎవరూ ఎవరి గుమ్మం ముందూ అలా నిలబడలేదు.

ముసలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అమ్మాయి నా తల చూసింది, టోపీ చూసింది. గూడేల్లో పుట్టిన పిల్ల. తెలియకపోవడమేముంది.

"పోయిన తీర్మానం సంగతా సారూ?"

టోపీని చంకలో ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"మాకు గొడ్డుగోద లేదు," అంది మెల్లగా, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. "పంట గూడ లేదు. మనిషేనా?"

తల దించాను.

ఆమె ఏడవలేదు. పుస్తకాలు మళ్లీ విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సమంగా చేసింది. ముసలమ్మే లేచి నా మీదికి వచ్చింది.

"నిన్నెవలు చెప్పమన్నరు దొరా? జైల్ల ఉన్నడనుకొని ఇంత గట్క తింటుండె. నేను ఇన్నొద్దులు కడుపుల వెట్టుకున్న. దినం గూడ చెయ్యలే నా కొడుక్కు, గీ పోరి కోసమని. ఇగ తింటదా? నువ్వొచ్చి తినిపిస్తవా?"

గడి గుమ్మంలో కబురు తెచ్చినవాడూ ఇలాగే నిలబడేవాడు. వాణ్ణి వెళ్లమనేవాళ్లం, వాడు వెళ్లేవాడు. నన్ను ఆమె వెళ్లమని కూడా అనలేదు. కాసేపు నిలబడి నేనే వచ్చేశాను.

అమ్మాయి మళ్లీ బడికి రాలేదు. వచ్చినా కూర్చోబెట్టే వీలు లేదు. పేరు తీసివేసిన గీత నేనే గీశాను. కుండ మాత్రం చాలా రోజులు ఉంది. తర్వాత ఎవరో పిల్లవాడి చెయ్యి తగిలి పగిలింది. మరో కుండ అడిగేవాళ్లు లేరు.

అడవిలో కాల్పులు ఆగాక క్యాంపు ఎత్తేశారు. గూడేలు కాలిపోయినవి కాలిపోగా, జనం తలో దిక్కూ పోయారు. ఆ ముసలమ్మ, అమ్మాయి భూపాలపల్లి వైపు చుట్టాల దగ్గరికి వెళ్లారని సహాయకుడు చెప్పాడు. తర్వాత నేనూ ఇన్‌స్పెక్టర్‌నై ఆ వైపు బడులు చాలా తిరిగాను. వెళ్లిన ప్రతి ఊళ్లో అడిగాను. పెద్దలు మర్యాదగా నిలబడి, కనుక్కుంటాం సారూ అనేవారు. వాళ్లకు తెలుసో తెలియదో నాకు అంతుపట్టేది కాదు. నాతో ఎవరూ ఏ సంగతీ సూటిగా చెప్పరు కదా.

సహాయకుడు తన ఊరికి బదిలీ మీద వెళ్లిపోతూ ఒక్క మాట అన్నాడు. "మీరు వెళ్లి చెప్పడం మంచిపనో చెడ్డపనో నాకు తేలలేదండీ మేష్టారూ." నాకూ తేలలేదు. ఇప్పుడు పిల్లలకు కమిటీల్లో చోటివ్వాలనే మీకు నేను వద్దని చెప్పను. ఇవ్వండి. ఇచ్చేముందు, ఆ బల్ల చుట్టూ కూర్చునే పెద్దలకు కాదనే మాట నోటితో అనడం వచ్చో రాదో చూసుకోండి. నా ఉద్యోగమంతటిలో వచ్చినవాణ్ణి చూడలేదు. నాకూ రాలేదు.

నేను రిటైరైన తర్వాత హనుమకొండ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి కుర్చీలు అమ్మాను. అప్పటికి జనగామలో టోకు వ్యాపారం చేస్తున్న ఆ సావుకారే కబురు తెలిసి వచ్చి చూశాడు. ముసలివాడయ్యాడు. చేతులున్న పెద్ద కుర్చీ దగ్గర ఆగి, నెమలిని చూసి, "ఇది నాకొద్దు సారూ," అన్నాడు. మిగతావన్నీ కొన్నాడు. తాత కుర్చీని హనుమకొండలోనే ఒక కట్టెల అడితిలో అమ్మాను.